గోధుమ పడనివారు - మన సీమ ఫలహారములు

గోదావరి మండలమున బియ్యమునకు కొదువ లేదు. 1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు దిగువ భూములలో వరి విస్తారముగా పండినది. ఎగువ మెట్టసీమయైన కోరుకొండ ప్రాంతమువారికిని నేడు అన్నమే ప్రధానాహారము. ఇట్టి సీమలో ఒకనికి గోధుమ పడదని వైద్యుడు చెప్పినచో కష్టమేమున్నదని ఎవరికైనను తోచును. ఇంటిలో కూర్చుండి అన్నము తినునంతవరకు ఆ మాట నిజమే. కాని మనుష్యుడు ఇల్లు కదలకుండ ఉండజాలడు. కోరుకొండనుండి రాజమహేంద్రవరము ఇంచుమించు ఇరువది కిలోమీటర్లు. ఆసుపత్రికో, కళాశాలకో, బట్టలకొట్టుకో పోయినవాడు ఉదయము ఒక టిఫిను, సాయంకాలము ఒక పొట్లము చిరుతిండి తినక తిరిగి రాడు. ఆ రెండింటియందును గోధుమ ఎచట దాగియున్నదో, ఎచట లేదో వివరించుటయే మా ఉద్దేశము.

ముందుగా పడనిది ఏమిటో తెలిసికొందము. గుప్పెడు మైదాపిండిని ముద్దచేసి, సన్నని నీటిధార క్రింద పిసుకుచు కడిగినచో తెల్లని గంజి నీటితో కొట్టుకొనిపోవును. చేతిలో రబ్బరువలె సాగు ముద్ద ఒకటి మిగులును. దానినే గ్లూటెన్ అందురు. గోధుమలోని మాంసకృత్తులలో అధికభాగమిదే. రొట్టె పొంగుటకును, పరోటా పొరలుగా సాగుటకును ఇదియే కారణము. బార్లీలోను, రై అను ధాన్యములోను దీనికి దగ్గర చుట్టములైన మాంసకృత్తులు గలవు. బియ్యము, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, మొక్కజొన్న, సకల పప్పుదినుసులు - వీనిలో గ్లూటెన్ లేదు.

కొందరి శరీరము ఈ గ్లూటెనును శత్రువుగా ఎంచును. రోగములనుండి మనలను కాపాడవలసిన రక్షణశక్తియే అప్పుడు చిన్నప్రేగుపై తిరుగబడును. చిన్నప్రేగు లోపలి గోడపై మఖమలు గుడ్డమీది నూగువలె సన్నని మొనలుండును. తిన్న ఆహారములోని సారమును రక్తములోనికి పీల్చునవి అవియే. అవి అణగారిపోయినచో ఎంత తిన్నను ఒంటబట్టదు. దీనిని సీలియాక్ వ్యాధి అందురు. పిల్లలు ఎదుగరు, కడుపు ఉబ్బును, విరేచనములు విడువవు. పెద్దవారిలో కడుపుబాధ లేకుండనే, ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనతగానో, ఎముకల బలహీనతగానో బయటపడవచ్చును. దీనికి నేటివరకు ఔషధము గ్లూటెన్ లేని ఆహారమే. అదియు జీవితాంతము పాటింపవలసినది.

ఈ సంగతి లోకమునకు తెలిసిన తీరు విచిత్రమైనది. 1924వ సంవత్సరమున న్యూయార్కులో సిడ్నీ హాస్ అను వైద్యుడు ఇట్టి పిల్లలకు అరటిపండ్లు ప్రధానముగా గల పథ్యము పెట్టి పెక్కుమందిని బాగుచేసెను. అరటిపండులోనే మహిమ యున్నదని ఆనాటివారు భావించిరి. నిజమునకు ఆ పథ్యములో రొట్టె లేకపోవుటయే మహిమ. మన రావులపాలెము సంతలోని గెలలను చూచినప్పుడెల్ల ఈ కథ జ్ఞాపకము తెచ్చుకొనవచ్చును. అసలు కారణమును పట్టినవాడు హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె. 1944-45 చలికాలమున ఆ దేశమున ఘోరమైన క్షామము వచ్చి రొట్టె దొరకనప్పుడు, ఆ వ్యాధిగల పిల్లలు చిత్రముగా కోలుకొనిరనియు, రొట్టె తిరిగి దొరకగనే మరల పడకపట్టిరనియు చెప్పుదురు. అంతకు ముందునుండియే గోధుమను అనుమానించుచున్న ఆయన 1950లో తన పరిశోధనను గ్రంథరూపమున వెలువరించెను.

ఇది ఉత్తరాదివారి జబ్బు కదా, మనకేమి అని కొందరు అడుగుదురు. మనదేశమున ఉత్తర, ఈశాన్య, దక్షిణ భాగములలో జరిపి 2016లో ప్రకటించిన పరిశీలన యొకటి గలదు. అందు ఉత్తరమున నూటికి ఒక్కరికంటె కొంచెము ఎక్కువగను, దక్షిణమున వేయికి ఒక్కరుగను ఈ వ్యాధి కనబడినది. అయితే ఈ వ్యాధికి తావిచ్చు జన్యులక్షణములు మూడు భాగములందును ఇంచుమించు సమానముగానే యున్నవి. తేడా గోధుమ వాడుకలో ఉన్నది. ఇచట ఆలోచింపవలసినది ఒకటి గలదు. 1956లో అమెరికాతో కుదిరిన ఒడంబడిక వలన గోధుమలు ఓడలకొలది దిగుమతియైన నాటినుండి మన ఇండ్లలో వాటి వాడుక పెరుగుచునే వచ్చినది. నేడు చక్కెరవ్యాధి వచ్చినవారెల్ల రాత్రిపూట అన్నము మాని చపాతీలకు మారుచున్నారు. అరుదైన జబ్బు గనుక దానిని ఎవరును ముందుగా తలపరు. రక్తహీనతకు మందులు మ్రింగుచు ఏండ్లు గడపువారు గలరు. వేయికి ఒక్కరన్నను మన జిల్లాలలో అట్టివారు వేలలోనే యుందురు గదా!

ఇక బజారునకు పోదము. ఉదయపు హోటలులో గోధుమ పడనివానికి తొలి మిత్రము ఇడ్లీ. బియ్యపురవ్వ, మినపపప్పు కలిపి ఆవిరిమీద ఉడికించినది. నూనెతో గాని పెనముతో గాని దానికి పనిలేదు. రవ్వ ఇడ్లీ మాత్రము వేరు. అది బొంబాయి రవ్వతో చేసినది. బొంబాయి రవ్వ యనగా గోధుమయే. దిబ్బరొట్టెలోనిది మినపపిండి, బియ్యపురవ్వ. పనసాకు బుట్టలలో పిండిపోసి ఆవిరిపై వండు కోనసీమ పొట్టిక్కలును ఇడ్లీకి అక్కచెల్లెండ్రే. మినపగారెలోను గోధుమ లేదు.

పెసరట్టు వద్ద కొంచెము ఆగవలెను. పెసలు, పిడికెడు బియ్యము, అల్లము, పచ్చిమిరప - ఇందు దోషమేమియు లేదు. కాని పెసరట్టు కడుపులో ఉప్మా పెట్టి మడచుట మనవారికి ప్రీతి. ఆ ఉప్మా బొంబాయి రవ్వది. కావున ఉప్మా లేకుండ వేయుమని ముందే చెప్పవలెను. రవ్వట్టులో రవ్వయే గాక మైదాయు పడును. ఆ రవ్వట్టు పోసిన పెనముమీదనే, ఆ గరిటెతోనే మన పెసరట్టు వేసినచో, పెనముమీది పొడి మన అట్టునకు అంటును. తెరచిన వెంటనే పోయినచో పెనము శుభ్రముగా నుండును. తరువాత పోయినచో పెనము తుడిచి వేయుమని అడుగుట నేరము కాదు.

ఇంత కొంచెమునకు ఏమగునని పెద్దలు విసుగుకొనవచ్చును. దీనికి లెక్క యున్నది. ఒక చపాతీలో గ్లూటెన్ రెండు మూడు గ్రాములుండును. సీలియాక్ వ్యాధిగలవారు దినమునకు 50 మిల్లీగ్రాములు చొప్పున మూడు మాసములు తీసికొన్నచో చిన్నప్రేగు తిరిగి దెబ్బతినునని 2007లో ప్రకటితమైన ఒక పరిశోధన తేల్చినది. అనగా ఒక చపాతీని ఏబది ముక్కలు చేసి, అందొక ముక్క దినమునకు తిన్నను హాని యన్నమాట. "ఒక్క ముక్క తింటే ఏమవుతుందిరా?" అని ఆప్యాయముగా పెట్టు అమ్మమ్మకు ఈ లెక్కను నెమ్మదిగా చెప్పవలెను.

సాయంకాలపు బజ్జీల బండి ఇంకను చిక్కైనది. మిరపకాయ బజ్జీకి పూత శనగపిండి, అది మంచిదే. మైసూరు బోండా మైదాతో చేసినది. పునుగులను పులిసిన అట్లపిండితో వేయుట పాత పద్ధతి. పిండి గట్టిపడుటకు కొందరు మైదా కలుపుదురు. అన్నిటికిని మూకుడు ఒకటే, నూనె ఒకటే. బోండాలు వేగిన నూనెలో వేగిన బజ్జీ శనగపిండిదైనను నిర్దోషము కాదు. బోండా వేయని బండి గాని, బోండాకంటె ముందు క్రొత్త నూనెలో దిగిన మొదటి వాయి గాని దొరికినచో తినవచ్చును. లేనిచో వదలుటయే మంచిది. వేపుడు నూడిల్సు, మంచూరియా మొదలగువాని బండి జోలికి పోనేవలదు. నూడిల్సు గోధుమవి, మంచూరియా ముద్దలలో మైదా పడును, నల్లని సోయా సాసును సైతము సాధారణముగా సోయాచిక్కుడుతోపాటు గోధుమ పులియబెట్టియే చేయుదురు.

అయినను ఆకలితో తిరిగి రానక్కరలేదు. ప్రకృతి పొట్లము కట్టి పంపిన చిరుతిండి మన బజారులలో ఏ ఋతువునకు ఆ ఋతువున దొరకును. వేసవిలో తాటిముంజలు, చలికాలమున తేగలు, నిప్పులపై కాల్చిన మొక్కజొన్నపొత్తు, ఉడికించిన వేరుశనగకాయలు, జామకాయ, కొబ్బరిబోండము - వీనిలో గోధుమ ఎవరు కలిపినను కలియదు. ఉల్లిపాయ, టొమాటో, నిమ్మరసము కలిపిన మరమరాల మిక్స్చరు మంచిదే. అందు జల్లు కారపు ముక్కలలో మైదావి లేకుండ చూచుకొనవలెను. అవి వేయవద్దనిన చాలును.

మిఠాయి దుకాణమున పేరునుబట్టి గాక పిండినిబట్టి ఎన్నుకొనవలెను. కాకినాడ గొట్టము కాజా, తాపేశ్వరము మడతకాజా రెండును మైదా సంతానము. బాదుషా, జిలేబి, గవ్వలు, గులాబుజామును, సోన్‌పాపిడి అదే వర్గము. బొబ్బట్టులోని పూర్ణము పప్పుదైనను పైపొర మైదాది. ఎదుటి వర్గమున మినప సున్నుండలు, అరిసెలు, కొబ్బరి లౌజు, నువ్వుండలు, పాలకోవా, శనగపిండి లడ్డు, మైసూరుపాకము, మినపజాంగ్రి నిలిచియున్నవి. బియ్యము, మినపపప్పు రుబ్బిన తోపులో ముంచి వేయించిన పూర్ణము బూరెయు ఈ వర్గములోనిదే. తోపులో మైదా కలిపినచో మాత్రము కాదు. వీనికన్నిటికి తలమానికము ఆత్రేయపురము పూతరేకు. పలుచని బియ్యపుపిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండపై పరచి తీసిన రేకు అది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. బెల్లము, నెయ్యి వేసి మడచిన పాత రకము గోధుమ పడనివానికి నిశ్చింత. మాల్టు పొడులు చల్లిన క్రొత్త రకములు వచ్చినచో వానిని వదలవలెను. మాల్టు యనగా సాధారణముగా మొలకెత్తించిన బార్లీ. హార్లిక్సువంటి పానీయములు బార్లీతోను, గోధుమతోను చేసినవే గనుక పిల్లవానికి బలమని ఇచ్చుటకు వీలులేదు. రాగి మాల్టు అని మనవారు పిలుచునది రాగులతోనే చేసినదైనచో బాధలేదు.

ఇంతవరకు చెప్పినవి కంటికి కనబడు గోధుమలు. కనబడనివి రెండున్నవి. మొదటిది ఇంగువ. చెట్టుపాలనుండి తీసిన అసలు ఇంగువ మిక్కిలి ఘాటైనది. అందుచేత బంకను, పిండిని కలిపి దానిని అంగడికి పంపుదురు. ఆ పిండి కొన్నింటిలో బియ్యపుది, పెక్కింటిలో గోధుమది. పులిహోర, సాంబారు, పచ్చడి తాలింపు - అన్నిటను ఇంగువయే. పొట్లముపై వ్రాసినది చదివి, బియ్యపుపిండి కలిపిన ఇంగువ ఇంట ఉంచుకొనుట మేలు. హోటలులో ఇడ్లీని ఇంటినుండి తెచ్చిన కారపుపొడితో తిన్నచో ఈ చిక్కే లేదు.

రెండవది పిండిమర. జంతికలు, చేగోడీలు, పాలకాయలు, పప్పుచెక్కలు - ఇవన్నియు బియ్యపుపిండివే. కాని ఆ బియ్యము పట్టిన మరలో అంతకుముందే ఎవరో గోధుమలు పట్టించియుందురు. రాళ్ల సందున, గొట్టములో మిగిలిన గోధుమపిండి మన బియ్యపుపిండిలో దిగును. అందుచేత ఇట్టివారున్న ఇంట బియ్యము నానబెట్టి, ఆరబెట్టి, ఇంటి మిక్సీలోనే పిండి చేసికొనుట ఉత్తమము. దుకాణపు జంతికలు ఏ మరపిండితో చేసినవో చెప్పగలవారు అరుదు. కావున పట్టణమునకు పోవునప్పుడు ఇంటి జంతికలు ఒక డబ్బాలో వెంట తీసికొనిపోవుట పిసినారితనము కాదు, వివేకము.

సీలుచేసిన పొట్లములపై గోధుమ ఉన్నచో ఆ సంగతి విధిగా తెలుపవలెనని మన ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. గ్లూటెన్ రహితము అని వ్రాసికొను పదార్థములో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదు. ఆ అక్షరములు చిన్నవైనను చదువుట అలవాటు చేసికొనవలెను.

హోటలులో ఎట్లు అడుగవలెను? గ్లూటెన్ అను మాట వడ్డించువానికి తెలియకపోవచ్చును. తెలియకున్నను మర్యాదకు "లేదండి" అనును. పిండుల పేర్లతో అడిగినచో సరియైన సమాధానము వచ్చును. "ఏవండీ, ఇందులో మైదా గాని, బొంబాయి రవ్వ గాని, సేమ్యా గాని ఏమన్నా కలిపారా అండి? నాకు పడదు, జబ్బు చేస్తుంది" అని అడుగవలెను. ఇష్టము లేదనిన బలవంతపెట్టుదురు. జబ్బు చేయుననిన వంటవానిని పిలిచి చెప్పుదురు.

గుడి ప్రసాదము విషయమున మనస్సు ఎక్కువగా నొచ్చును. అన్నవరము సత్యనారాయణస్వామివారి ప్రసాదము గోధుమరవ్వతో చేసినదని మనకందరకు తెలియును. ఫాల్గుణమాసమున కోరుకొండ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణోత్సవములకు పోయినవారికి తీర్థములో కాజాలు, జిలేబీలు ఎదురగును. పదిమంది పిల్లలు తినుచుండగా ఒక పిల్లవానిని వలదనుట తల్లికి కష్టము. ప్రసాదమును భక్తితో అందుకొని, కన్నులకద్దుకొని, ప్రక్కనున్నవారికి పంచిపెట్టినచో లోపమేమియు లేదు. పిల్లవాని చేతిలో అదే సమయమున ఒక పూతరేకో, సున్నుండో ఉన్నచో వానికి లోటు తోచదు. ఆ ఏర్పాటు ఇంటివద్దనే చేసికొని బయలుదేరవలెను.

ఒక హెచ్చరిక. ఇది విని ఎవరును తమకు తామే గోధుమ మానవలదు. అనుమానమున్నవారు గోధుమ తినుచుండగానే రక్తపరీక్ష చేయించుకొనవలెను. అవసరమైనచో చిన్నప్రేగు ముక్కను తీసి పరీక్షింతురు. ముందే మానివేసినచో పరీక్షలో వ్యాధి జాడ తెలియకపోవచ్చును. వ్యాధి లేనివారికి గోధుమ మానుటవలన ప్రత్యేక లాభమేమియు లేదు.

వ్యాధి ఉన్నదని తేలినవారికి మాత్రము చుట్టములు చేయదగిన సహాయమొకటి గలదు. పెండ్లిలోను, పేరంటములోను అట్టివారు ఒక వంటకమును వలదనినచో నొచ్చుకొనక, విస్తరిలో వడ్డించుటకు ముందే ఏ వంటకమున ఏ పిండి యున్నదో, ఏ ఇంగువ పడినదో చెప్పగలిగియుండవలెను. బూరెలు వేయునాడు మొదటి వాయి వారికొరకు తీసియుంచినచో, ఆ గృహస్థునకు ఖర్చు ఒక్క కాసైనను పెరుగదు. వచ్చిన అతిథి అందరితోపాటు పంక్తిలో కూర్చుండి తృప్తిగా భుజించిపోవును.